ఫ్యాన్ల హోరు

శ్రీశైలం మల్లాపూర్‌లో మందుల డబ్బాలు ప్యాక్ చేస్తాడు. ఇంట్లో గేమ్స్ కోసం ల్యాప్‌టాప్ ప్రాసెసర్ వేగం హద్దు దాటించి పెట్టాడు. గేమ్ తెరవగానే వేడి తొంభై అయిదు డిగ్రీలకు పోయేది, ఫ్యాన్లు హోరెత్తేవి. చల్లబడుతుందని దాన్ని ఎయిర్ కూలర్ ముందు పెట్టాడు. ఆ తేమకు లోపల తుప్పు పట్టింది.

నాచారంలో రిపేర్లు చేసే లక్ష్మీకాంత్ విప్పి చూసి విసుక్కున్నాడు.

"దీనికి నీళ్ల గాలి ఎవరైనా పెడతారా? కూలర్ మనుషులకయ్యా."

శ్రీశైలం దాన్ని మనుషులకనే కొన్నాడు. అమ్మ మంచం పక్కన పెట్టాడు. ఆ మాట చెప్పాలనిపించలేదు.

లక్ష్మీకాంత్ తుప్పు తుడిచి, ప్రాసెసర్ మీద వేడి లాగేందుకు రాసే పేస్టు ఎండిపోతే గీకి కొత్తది రాసి, వేగం తగ్గించాడు. "ఇక డెబ్బై దాటదు. ఫ్యాన్ చప్పుడే వినపడదు."

నిజంగానే వినపడలేదు. ఆదివారం మధ్యాహ్నం శ్రీశైలం గేమ్ తెరిచి, మొదటి తెర దగ్గరే ఆగిపోయాడు. అమ్మ సారలమ్మకు ఆక్సిజన్ ఇచ్చే మెషిన్ ఆ గదిలోనే రెండేళ్లు రాత్రింబగళ్లు ఈ ఫ్యాన్లలాగే హోరుమంటూ మోగింది. ఆమె పోయిన మర్నాడు కిరాయికిచ్చినవాళ్లు వచ్చి తీసుకుపోయారు. ఆ రోజు అతనికి ఏడుపు రాలేదు. ఇప్పుడూ రాలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి వేగం మళ్లీ పెంచాడు. కాసేపటికి ఫ్యాన్లు హోరు అందుకున్నాయి.

వంటింట్లోంచి భార్య మానస అడిగింది. "ఆట ఆడుతనే లేవు. గట్ల ఎందుకు మోగనిస్తున్నవ్?"

"జర మోగనీ" అని, అతను లేచి వెళ్లి అమ్మ మంచం మీద పడుకున్నాడు.