ఒక్క మాట మార్చమన్న సెనేటరు

నా చిన్నప్పుడు నాకు ఈ ప్రపంచం మొత్తంలో ఒక్క మనిషి మీదే అసూయ ఉండేది. ఆమె మా పక్కింటి అక్క. నాకంటే ఒక తరగతి పెద్దది. గొంతు చక్కగా ఉండేది, మాట తడబడేది కాదు, పెద్దవాళ్ల ముందు నిలబడి మాట్లాడటానికి జంకేది కాదు. నాకేమో నలుగురిలో నోరు పెగిలేది కాదు. అంతవరకైతే ఎలాగో ఓర్చుకునేదాన్నేమో. ఆమె మా మామయ్యను మామా అని పిలిచేది. అది మాత్రం నా వల్ల కాలేదు.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక పాత పెద్దిల్లు ఉండేది. దాన్ని వాటాలుగా విడదీసి కిరాయికి ఇచ్చారు. మధ్యలో బండలు పరిచిన వాకిలి, చుట్టూ వాటాలు. నేను అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునేదాన్ని. అక్కా, వాళ్లమ్మా మా పక్క వాటాలోనే ఉండేవారు. మెదక్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. వాళ్లమ్మ దవాఖానలో నర్సు. ఇంట్లో ఇద్దరే కావడంతో, వాళ్లమ్మ డ్యూటీ నుంచి వచ్చేదాకా అక్క మా ఇంట్లోనే గడిపేది. అమ్మమ్మ ఆమెకూ ఒక కంచం పెట్టేది. వడ్డనలో ఎవరి కంచంలో ముందు పడిందో నేను రోజూ గమనించేదాన్ని.

మామయ్య ఐర్లాండుకు వెళ్లి డబ్లిన్‌లో లా చదివి వచ్చాడు. నాంపల్లి కోర్టుల్లో ప్రాక్టీసు పెట్టిన కొత్త. సాయంత్రం వచ్చి నల్లకోటు కొయ్యకు తగిలించి, టీ గ్లాసు పట్టుకుని వాకిట్లో మంచం మీద కూర్చుంటే మేమిద్దరం చెరోవైపూ చేరేవాళ్లం. ఆ ఊరి వానల గురించీ, కారం లేని కూరల గురించీ అడుగుతామనుకుంటే, ఆయనే ఎప్పుడూ ఒక మనిషి గురించి చెప్పేవాడు. ఆ దేశపు పార్లమెంటులో పై సభను సెనేట్ అంటారట. అందులో కొందరిని యూనివర్సిటీల్లో పట్టా పుచ్చుకున్నవాళ్లే ఓట్లు వేసి పంపుతారట. అలా వచ్చిన ఒక సెనేటరుకు ఏ పార్టీ లేదు. చలికాలం గదిలో బొగ్గుకు ఖర్చు ఎందుకని మామయ్య సెనేట్‌కు వెళ్లి, చూసేవాళ్ల కోసం ఉంచిన బెంచీల మీద వెచ్చగా కూర్చునేవాడు. అలా కూర్చుని కూర్చుని ఆ సెనేటరు మాటలకు అలవాటు పడ్డాడు.

"ఆయన మాట్లాడితే ఓట్లు మారయి. ఎటు పోతదో ముందే ఖాయమై ఉంటది. అయినా చదువుకొని వచ్చి, లేచి మాట్లాడేటోడు," అనేవాడు మామయ్య.

ఒకసారి అనాథ పిల్లలను ఉంచే ఇళ్ల గురించి ఒక బిల్లు వచ్చిందట. వాటిని అధికారులు వెళ్లి తనిఖీ చేయవచ్చు అని అందులో రాశారు. ఆ సెనేటరు లేచి, చేయవచ్చు అంటే చేయకపోయినా అడిగేవాడు లేడు, చేయాలి అని రాయండి, చాలు, ఇంకేమీ వద్దన్నాడట. ఆ ఒక్క మాట కోసం చాలాసేపు మాట్లాడాడు. సభలో సగం బెంచీలు ఖాళీ. ఓటుకు పెడితే ఓడిపోయాడు. కొన్నాళ్లకు అదే బిల్లు మళ్లీ చర్చకు వచ్చినప్పుడు మంత్రిగారు ఆ మార్పునే తన పేరు మీద ప్రవేశపెట్టారు. సభలో అందరూ బల్లలు చరిచారు. సెనేటరు పేరు ఎవరూ ఎత్తలేదు.

మీరైతే ఏం చేస్తారని మామయ్య మమ్మల్ని అడిగాడు. అది నా మాట అని లేచి అరుస్తానన్నాను నేను. పిల్లలకు మంచి జరిగింది కదా, చాలంటానంది అక్క. మామయ్య ఆమె వైపు చూసి తల ఊపాడు. నాకు టీ గ్లాసు తన్నేయాలన్నంత కోపం వచ్చింది. ఆ జవాబు మంచిదని నాకూ తెలుసు. అందుకే మరీ మండింది. సెనేటరు ఏం చేశాడని అక్క అడిగితే, ఆయనా ఆ మార్పుకే ఓటేశాడని చెప్పి మామయ్య లోపలికి వెళ్లిపోయాడు.

ఆ వేసవిలో మా వాకిట్లో సైకిళ్లు పోయాయి. దొంగ వెనక గేటు నుంచి వచ్చాడని అందరూ అన్నారు. ఇంటి ఓనరు బేగం బజార్‌లో మసాలా దినుసుల వ్యాపారి. మేమంతా సేటు అనేవాళ్లం. ఆయన ఒక ఆదివారం సాయంత్రం కిరాయిదారులందరినీ వాకిట్లో కూర్చోబెట్టి, ఇకనుంచి చీకటి పడగానే వెనక గేటుకు తాళం పడుతుందని చెప్పాడు. దాదాపు అందరూ సరేనన్నారు. ఎవరి సైకిలు గురించి వాళ్లకు భయం.

ఇబ్బందల్లా అక్కవాళ్లమ్మకే. ఆమె కోఠి వైపు నుంచి బస్సు దిగి, వెనక సందులోంచి ఆ గేటు గుండానే వచ్చేది. గేటు మూస్తే స్టేషన్ ముందు నుంచి, కల్లు దుకాణం దాటుకుని చుట్టూ తిరిగి రావాలి. అంతకు ముందు నెలలో ఒకరోజు ఆ దారిన వస్తుంటే ఎవరో వెంటపడ్డారని అమ్మమ్మతో చెప్పి ఏడ్చింది. రోజూ ఆ దారే గతి అయితే ఇల్లు ఖాళీ చేసి మెదక్ వెళ్లిపోవడం తప్ప వేరే మార్గం లేదని కూడా అంది. ఆ మాట విన్నప్పుడు నా మనసులో ఏం మెదిలిందో మీరు ఊహించుకోగలరు. అక్క వెళ్లిపోతే మామయ్య మంచం మీద రెండు వైపులా నేనే.

మామయ్య లేచి, ఒక్కరికైనా ఆ గేటు అవసరం ఉన్నప్పుడు దానికో ఏర్పాటు ఉండాలన్నాడు. ఆయనకు గేటుతో పనిలేదు, సైకిలూ లేదు. నీకేం పోయింది వకీలు సాబ్ అని ఎవరో నవ్వారు. సేటు కాసేపు గొణిగి, తన గుమస్తా చేత నిబంధన మళ్లీ రాయించి చదివించాడు. చీకటి పడ్డాక గేటుకు తాళం వేయబడును, ఎవరైనా అడిగితే తీయవచ్చును, అని. అందరూ బాగుందన్నారు. తన తలనొప్పి తీరినట్టు సేటు నవ్వాడు. అక్కవాళ్లమ్మ డ్యూటీ చీర కూడా మార్చుకోకుండా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె కూడా తల ఊపింది.

నేను మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. తీయవచ్చును. అదే మాట. సెనేటరు పట్టుకున్న మాటే. మామయ్యకు తట్టనిది నాకు తట్టింది. లేవాలనుకున్నాను. అంతమంది ముఖాలు చూసి కూర్చున్నచోటే ఉండిపోయాను. కానీ నాకు తట్టిందన్న సంగతి అక్కకు తెలియకపోతే ఎలా? ఆమె చెవి దగ్గరికి వంగి, "చూసినవా, తీయవచ్చు అన్నరు, తీయాలి అనలే. నేను పట్టిన," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. ఒక్క క్షణం అలాగే చూస్తూ ఉండి, లేచి నిలబడింది.

"సేటు గారూ, తీయవచ్చు అంటే తీయకున్నా నడుస్తది. మా అమ్మ గేటు అవుతల నిలబడి పిలిస్తే ఎవరూ రాకుంటే ఏంది? తీయాలి అని రాయుండ్రి," అంది.

మామయ్య శభాష్ అన్నాడు. తర్వాత అందరూ అన్నారు. మామయ్య ముఖం వెలిగిపోయింది. ఆయన అన్న శభాష్ నాకు ఇప్పటికీ వినిపిస్తుంది, ఎందుకంటే అది నాది. సేటు మాత్రం సులువుగా వదల్లేదు. తీయాలంటే ఎవరు తీస్తారు, చౌకీదారు ముందు గేటు దగ్గర ఉంటాడు కదా అన్నాడు. వెనక గేటుకు ఆనుకుని ఉన్నది మా వంటిల్లే. అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులు, మామయ్య ఆ వేళకు క్లయింట్లతో ఉంటాడు. అమ్మమ్మ నా వైపు చూసింది. ఆమె చూపు వెంట అందరూ చూశారు.

కుదరదని అనవచ్చు. చదువుకోవాలంటే ఎవరూ తప్పు పట్టరు. నా కడుపులో మంట అలాగే ఉంది. స్తంభం దగ్గర అక్కవాళ్లమ్మ చేతిలో టిఫిను డబ్బా ఉంది, దాని మూత ఊరికే తిప్పుతూ ఉంది. నేను చెయ్యెత్తాను. నోరు పెగల్లేదు, చెయ్యి మాత్రం లేచింది. గుమస్తా ఆ మాట కొట్టేసి తీయవలెను అని రాశాడు. తాళంచెవి మా వంటింట్లో మేకుకు వేలాడదీశారు.

మర్నాడు నల్లా దగ్గర బిందె నింపుకుంటున్న అక్కను పట్టుకుని, అది నా మాట అన్నాను. ఆమె కాదనలేదు.

"ఔ, నీదే. నువ్వు లేస్తవేమోనని చూసిన. లేవలే. మా అమ్మ గాడ నిలబడి ఉన్నది," అంది. బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

నా బిందె నల్లా కింద పెట్టాను. మంట మాత్రం తగ్గలేదు. ఆ వారమంతా ఎవరో ఒకరు అక్క తెలివిని మెచ్చుకుంటూనే ఉన్నారు. సాయంత్రం గేటు చప్పుడైతే నేను లేచి తాళం తీసేదాన్ని. అక్కవాళ్లమ్మ నా తల మీద చెయ్యి వేసి వెళ్లేది. మామయ్య దగ్గర మాత్రం కూర్చోలేదు.

ఆదివారం మామయ్య పాత పుస్తకాల కోసం అబిడ్స్ వెళుతూ నన్నొక్కదాన్నే రమ్మన్నాడు. ఫుట్‌పాత్ మీద పరిచిన పుస్తకాల మధ్య చాలాసేపు తిరిగి, చివరికి పోస్టాఫీసు నీడలో కూర్చున్నాం. ఆ మాట నాదేనని అక్క తనతో చెప్పిందని అన్నాడు మామయ్య. ఆ రాత్రే చెప్పిందట. నీకు కోపం తగ్గాలని చెప్పడం లేదంటూ, సెనేటరు కథలో ఆ రోజు మాకు చెప్పకుండా వదిలేసిన ముక్క చెప్పాడు.

మంత్రికి బల్లలు చరిచిన రోజున మామయ్య బయట వానకు తలదాచుకుని నిలబడితే, సెనేటరు గొడుగు తెరుచుకుంటూ వచ్చాడట. మామయ్య ధైర్యం చేసి పలకరించి, అది మీ మాటే కదా, మీకేమీ అనిపించలేదా అని అడిగాడట. సెనేటరు ముఖం మాడ్చుకుని, ఎందుకు అనిపించదు, ఇవాళ నాకు అన్నం సహించదు అన్నాడట. ఆ మంత్రి అంటే తనకు మొదటి నుంచీ పడదని కూడా చెప్పాడట. ఓటు వేసి వచ్చాను, ఇప్పుడు ఇంటికి వెళ్లి కుళ్లుకుంటాను అని గొడుగు వేసుకుని వెళ్లిపోయాడట.

"ఆయనకు మంట లేదనుకున్న అప్పటిదాంక. ఉన్నది. ఉన్నా ఓటేసిండు. నువ్వూ గంతే చేసినవ్ బిడ్డా," అన్నాడు మామయ్య.

నాకు ఏడుపొచ్చింది. అసూయ ఉన్నందుకు నేను చెడ్డదాన్నని అప్పటిదాకా నమ్మి ఉన్నాను. అది పోయాకే మంచి పనులు మొదలవుతాయేమోనని ఎదురుచూస్తున్నాను. ఎక్కడో చలిదేశంలో కుళ్లుకుంటూ గొడుగు వేసుకుని వెళ్లిన ఆ పెద్దమనిషి నాకు ఆ రోజు సొంత మనిషిలా అనిపించాడు. అక్కతో ఆ తర్వాత స్నేహం కుదిరిందా అంటే కుదిరింది, కానీ ఆమె మామా అని పిలిచినప్పుడల్లా నాకు చురుక్కుమంటూనే ఉండేది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఫోన్‌లో ఆ దేశపు సెనేట్ చర్చలు కూడా చూడవచ్చని మనవరాలు చూపించింది. మధ్యాహ్నాలు అప్పుడప్పుడూ పెట్టుకుంటాను. ఇంగ్లిషు సగమే అర్థమవుతుంది. ఏ పార్టీకీ చెందని ఒకావిడ ఖాళీ బెంచీల ముందు లేచి నిలబడి, కాగితం తిప్పుతూ, ఏదో ఒక మాట దగ్గర ఆగి దాన్ని మార్చమని అడుగుతూ ఉంటుంది. ఆమె ఓడిపోయేదాకా చూస్తాను.

మొన్నామధ్య మా అపార్ట్‌మెంట్ మీటింగులో, మెట్ల పక్కన చక్రాల కుర్చీకి వాలుదారి కట్టాలని కింది ఫ్లాటావిడ చెప్పింది. అంతకు ముందు వారం లిఫ్టులో ఆమెతో ఆ మాట అన్నది నేనే. చప్పట్లు ఆమెకు కొట్టారు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమంటే అందరికంటే ముందు నేనే ఎత్తాను. తర్వాత ఇంటికొచ్చి, గిన్నెలు కాస్త గట్టిగానే సర్దుకున్నాను.