రెండు పుస్తకాలకు మధ్యస్తం

చదువుకున్న మూర్ఖులు ఎలా ఉంటారని నన్నెవరైనా అడిగితే, చిత్తూరులో మా నాయన ప్రెసిడెంటుగా ఉండిన రైఫిల్ క్లబ్బును చూపిస్తాను. ఊరి చివర కొండ వారగా ఒక రేకుల షెడ్డు, నాలుగు పేము కుర్చీలు, చొక్కా మడత నలగకుండా కూర్చునే పెద్దమనుషులు. డెబ్బైల చివర్లో కొత్త తూటాలు దొరకడం కష్టమైంది. కాల్చేసిన తూటాల గుల్లల్లోనే మళ్ళీ తుపాకీమందు పోసి నింపుకోవడం మొదలుపెట్టారు. ఎంత మందు పొయ్యాలో చెప్పే పుస్తకాలుంటాయి. వీళ్ళ దగ్గర రెండున్నాయి. అదీ వాళ్ళ ఖర్మ.

అట్ట ఊడిన పాత పుస్తకం మిలిటరీలో రిటైరైన ఒకాయనది. రెండోది నూనె మిల్లు యజమాని మద్రాసు నుంచి తెప్పించుకున్న కొత్తది. అదే పేరున్న మందుకు, అదే రకం తూటాకు, పాతది ఎక్కువ కొలత చెప్పింది, కొత్తది తక్కువ చెప్పింది.

"దొరల కాలం పుస్తకమబ్బా ఇది, అబద్ధం సెప్పదు" అని మిలిటరీ ఆయన.

"ఎనకటోళ్ళకు ఏం తెలుసునప్పా, ఇది మొన్న అచ్చైంది సూడు" అని మిల్లు యజమాని.

క్లబ్బు రెండు పార్టీలైపోయింది. ఎలక్షన్లలో కూడా అంత పట్టుదల చూడలేదు నేను. వీళ్ళలో ఒక్కడికీ ఆ తూటాలతో పని లేదు, ఆదివారం పూట గురి చూసి డబ్బాలు కొట్టుకోవడం తప్ప. నిజంగా పనున్నది మా అన్నకే. అడవిపందులు మా చెనిక్కాయ చేను తవ్విపోస్తుంటే, నాయన పాత లైసెన్సు తుపాకీ పట్టుకుని కాపలా కాసేది అతనే. మిగతా రోజంతా మామిడి అంట్లు కట్టేవాడు. ఎడమచేత్తో కొమ్మను కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో నార చుట్టేవాడు. అతను కట్టిన అంటు ఎండిపోవడం నేను చూడలేదు.

నేనప్పుడు తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఆ ఆదివారం షెడ్డుకు పోయింది మాత్రం ఫ్లాస్కులో కాఫీ ఇచ్చి రావడానికి. వాళ్ళు వాదించుకుంటూ ఉంటే రెండు పుస్తకాల ముందు పేజీలూ చదివాను. అంతమందిలో ఒక్కరూ ఆ పేజీలు తిప్పలేదు. నేరుగా అంకెల పట్టికలోకి పోయి పోట్లాడుకుంటున్నారు. ముందుమాట చదివితే నామోషీ కాబోలు.

"రెండూ నిజమే చెప్తున్నాయి" అన్నాను. ఈ పుస్తకాలు రాసినవాళ్ళు ఎవరి తుపాకీ గొట్టంలో వాళ్ళు కొలుచుకున్నారు. వాళ్ళు వాడిన గుల్ల వేరు, నిప్పు పుట్టించే బిళ్ళ వేరు. పాతవాళ్ళు రాగిముక్క ఎంత నలిగిందో చూసి ఒత్తిడి లెక్కగట్టారు, కొత్తవాళ్ళకు కరెంటు పరికరాలున్నాయి. వాళ్ళకు కనబడని ఒత్తిడి పోటు వీళ్ళకు కనబడింది, అందుకే కొలత తగ్గించారు. పైగా మందు డబ్బా మీద పేరు ఒకటే అయినా, లోపలి మందు ఒక్కో దఫా తయారీకి ఒక్కో రకంగా ఉంటుంది. చలిదేశంలో కొలిచిన అంకె మన ఎండకు సరిపోతుందని ఎవరూ రాయలేదు. మన డబ్బాకు ఏ పుస్తకం చెందుతుందో ముందు తేల్చుకోండి, తేలకపోతే ముట్టుకోకండి అన్నాను.

"పాఠం బాగుండాది" అని మిల్లు యజమాని కాఫీ గ్లాసు నా వైపు చాపాడు, మళ్ళీ పొయ్యమని.

అందరూ నాయన వైపు తిరిగారు. చుట్టుపక్కల గట్టు తగాదాలన్నీ తీర్చేది ఆయనే. ఎంత తగాదా అయినా ఆయన తీర్పు ఒకటే: హద్దు రాయిని ఇద్దరికీ నడిమిలో పాతడం. ఇక్కడా ఆయనకు ఇంకోటి తోచలేదు.

"వాళ్ళది గాదు, వీళ్ళది గాదు. రెండిటికీ నడిమిలో ఎంతొస్తే అంత పోయండి."

షెడ్డంతా తలలూపింది. మందును కూడా దాయాదుల గట్టులాగా పంచేశారు. ఇద్దరి మర్యాదా నిలబడిందట. మర్యాద తూటాలో పేలదు కాబట్టి సరిపోయింది.

షెడ్డు నుంచి వస్తూ దార్లో, ఆ కొలత తూటాలు వాడొద్దని అన్నను బతిమాలాను. "నాయన అంతమందిలో సెప్పినాక కాదంటే ఏం బాగుంటాది పాపా" అన్నాడు. నాకు ఆ రోజు అన్న మీద కూడా అసహ్యం వేసింది.

అప్పుడు చలికాలం. తూటాలు బాగానే పేలాయి. ఆ నెలలంతా నేను కనబడితే చాలు, మిలిటరీ ఆయన "ఏమ్మా, పాఠాలు ఎట్లుండాయి" అని పలకరించేవాడు. ఏమీ జరగనంతసేపు తమ తెలివే కాపాడిందనుకునే రకం మనుషులు.

మే నెలలో అన్న తోటకు పోతూ ఆ తూటాల్లో కొన్ని జీపు ముందు అద్దం కింద పెట్టాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అవి ఎండలో కాగాయి. మూడు గంటలప్పుడు పంది చేలో పడిందని కూలీలు కేకేస్తే, పరుగెత్తి కాల్చాడు. తుపాకీ గొట్టం ఎడమచెయ్యి పట్టుకున్న చోటనే చీలింది.

వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ చేతికి బొటనవేలు, దాని పక్క వేలు మిగిలాయి.

తర్వాతి ఆదివారం క్లబ్బు కూడింది. తప్పు ఎవరిదన్న పంచాయితీ. పాత తుపాకీ కాబట్టి గొట్టానిదే తప్పని మిలిటరీ ఆయన, ఎండలో పెట్టినవాడిదని మిల్లు యజమాని. పుస్తకాల ఊసెత్తలేదు. నాయన విన్నాడు, అలవాటు ప్రకారం చెప్పాడు: "సగం తుపాకీది, సగం మావోడిది." మళ్ళీ తలలూగాయి.

ఆసుపత్రిలో అన్న అడిగాడు, "ఏమని తీర్పు సెప్పినాడు నాయన?" అని. దాచడానికి మనసొప్పక చెప్పేశాను. అన్న కట్టు కట్టిన చెయ్యి కాస్త పైకెత్తి చూసుకున్నాడు.

"సగమంటే ఎన్ని వేళ్ళు పాపా?"

తలుపు దగ్గర పండ్ల సంచీతో నాయన నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత ఆయన ఎవరి గట్టు దగ్గరికీ పోలేదు. క్లబ్బువాళ్ళు ఇంకో పెద్దమనిషిని ప్రెసిడెంటు చేసుకున్నారు.