చేతులు పాస్, నోరు ఫెయిల్

మా వార్డులో ఎవరు సూది వేస్తే నొప్పి తెలియదని అడిగితే పేషెంట్లు నా వైపే చూపించేవారు. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాటే. ఒడిశాలోని బరంపురంలో గేట్ బజార్‌కి దగ్గర్లోని ఒక నర్సింగ్ హోములో ఏఎన్ఎంగా చాలా ఏళ్ళు చేశాను. పసిపిల్లకి సెలైన్ ఎక్కించాలన్నా, ఎండిపోయిన ముసలి చేతిలో నరం దొరకాలన్నా స్టాఫ్ నర్సులు నన్నే కేకేసేవారు. పని నాది, సంతకం వాళ్ళది. పనయ్యాక "సరే దీదీ, ఇక వెళ్ళు" అనేవారు. ఆ "ఇక వెళ్ళు" వింటే నాకు ఒళ్ళు మండేది. అందుకే రిజిస్టర్డ్ నర్సు చదువులో చేరాను.

పొద్దున్న క్లాసు, మధ్యాహ్నం నుంచి డ్యూటీ. ఉద్యోగం మానేసి చదువుకునే భాగ్యం లేదు కాబట్టి యజమానిని బతిమాలి షిఫ్టు మార్పించుకున్నాను. పాఠాలు చాలావరకు మా ఊరు గోపాలపూర్ నుంచి వచ్చే బస్సులోనే చదివాను. చేపల గంపలతో వచ్చే మా పేట ఆడవాళ్ళు సర్దుకుని చోటిచ్చేవారు. "సదుకోయే, సదుకో. రేపు మా రోగాలన్నీ నువ్వే సూడాల" అని వేళాకోళం చేసేవారు. రాత పరీక్షలన్నీ గట్టెక్కాను. ప్రాక్టికల్ అంటారా, అది నాకు నల్లేరు మీద నడక అనుకున్నాను.

ఆ రోజు ఒక పెద్దాయనకి సెలైన్ పెట్టమన్నారు. వెళ్ళాను, చెయ్యి పట్టుకున్నాను, నరం చూశాను, ఒక్క పోటుతో సూది లోపలికి పోయింది. ప్లాస్టర్ కూడా అంటించేశాను. ఆయన మొహం చిట్లించే వేళకి పని అయిపోయింది. మెచ్చుకుంటుందని పరీక్ష పెట్టే మేడమ్ వైపు తిరిగాను. ఆవిడ ఒడియాలో అడిగింది: "నువ్వెవరో ఆయనకి చెప్పావా? ఏం చేస్తున్నావో, ఎందుకో చెప్పావా? ఆయన సరేనన్నాడా?"

ఫెయిల్ చేసింది. మా ట్యూటర్ నాకంటే చిన్నపిల్ల, నవ్వు ఆపుకుంటూ అంది: "దీదీ, నీ చేతులు పాస్. నోరు ఫెయిల్."

కోపంతో ఆ పూట అన్నం తినలేదు. సూది వేయడానికి ఉపన్యాసం ఎందుకని సణిగాను. తరవాత నిదానంగా ఆలోచిస్తే నా నోరు ఎక్కడ మూతపడిందో తెలిసింది. మాది సముద్రం మీద బతికే ఇల్లు. నాన్న వేటకి బయల్దేరుతుంటే ఎక్కడికి, ఎంతసేపు అని ఎవరూ అడగకూడదు. పొరపాటున ఎవరైనా అడిగితే ఆయన వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాడు. పని ముందు పని మాట ఎత్తకూడదు, అందులో గండాల మాట అసలే ఎత్తకూడదు. "సేసినాక సెప్పు" అనేది మా అమ్మ. నేను ఆ అలవాటుతోనే వార్డులోకి వచ్చాను. పేషెంటు మంచం దగ్గర నోరు మూసుకుని పనిచేయడమే మర్యాద అనుకున్నాను.

ప్రాక్టికల్‌కి ఇంకొక్కసారి అవకాశమిచ్చారు. అదీ పోతే మళ్ళీ మొదటినుంచి చదివే ఓపిక నాకు లేదు, మళ్ళీ షిఫ్టు మార్చే ఓపిక మా యజమానికి లేదు. ఇక బతుకంతా ఏఎన్ఎంగానే ఉండిపోవాలి. పోతే పోయింది అనుకునే రకాన్ని కాను నేను. డ్యూటీలోనే సాధన మొదలుపెట్టాను. ప్రతి మంచం దగ్గరా నేనెవరో, ఏ మందో, దేనికో, ఎక్కడ కాస్త మంట పుడుతుందో చెప్పడమే. మొదట్లో నా గొంతు నాకే వింతగా ఉండేది. పాత్రపూర్ నుంచి వచ్చిన ఒక రైతు అంతా విని, "ఏసీయమ్మా తల్లీ! నువ్వు సెప్పడం అయ్యేలోగా నా జొరం తగ్గిపోయేలాగుంది" అన్నాడు. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, చెప్పడం మాత్రం మానలేదు.

రెండోసారి పరీక్షకి నా ఖర్మకొద్దీ అదే మేడమ్ వచ్చింది. ఒక పెద్దావిడకి నరానికి యాంటీబయాటిక్ వేయమంది. కేసు షీటు చూశాను. పడని మందులేవీ లేవని రాసి ఉంది. ఆవిడ చీరకట్టు చూస్తేనే మా తీరం మనిషని తెలిసిపోయింది. మేడమ్‌కి అర్థం కావాలని ముందు ఒడియాలో చెప్పాను. "ఇదివరకు ఏ మందైనా పడలేదా మావుసీ?" అని అడిగాను. ఆవిడ లేదన్నట్టు తలూపింది. తరవాత తెలుగులో మందు పేరు చెప్పి, సీసా చూపించాను. ఆవిడ చెయ్యి దుప్పటి కిందకి లాక్కుంది.

ఆ లాక్కోవడం నాకు తెలుసు. ట్రే బల్ల మీద పెట్టి మంచం దగ్గరికి వంగాను.

"పెద్దమ్మా, వైద్యం ముందు సెడ్డ మాట ఎత్తకూడదనే గదా నువ్వు సెప్పట్లేదు?"

ఆవిడ కళ్ళు తిప్పుకుంది. "మా ఇంట్లోనూ అంతే" అన్నాను. "నాకు సెప్తే ఏటీ కాదు. ఈ మందు నీకు ఎప్పుడైనా ఏసినారా?"

ఆవిడ గొణిగింది: "పోయినేడు ఏసినారమ్మా. ఒల్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడనేదు. సచ్చి బతికినాను. ఆ మాట ఇప్పుడెత్తితే మల్లీ అదే అవుద్దని…"

నేను నిటారుగా నిలబడి, ఆవిడ మాటలు మేడమ్‌కి ఒడియాలో చెప్పి, "ఈ సూది నేను వేయను మేడమ్" అన్నాను.

అన్నేళ్ళ ఉద్యోగంలో వేయమన్న మందు వేయడమే గాని, వేయనని ఒక్కరితోనూ అనలేదు. మేడమ్ కలం పట్టుకుని నన్నే చూస్తోంది.

"సూది వేయకపోతే నీకు మార్కులెలా వేయను?"

"వేయకండి. డాక్టరుగారిని పిలవాలి, మందు మార్పించాలి, ఇది పడదని షీటు మీద ఎర్రగా రాయాలి. ముందు అది జరగనివ్వండి."

ఫెయిలైతే అవుతాననే అన్నాను. నిజంగా అప్పుడు నాకు విచారం లేదు, కోపమూ లేదు. డాక్టరు వచ్చాడు, ఆవిడతో మాట్లాడాడు, మందు మార్చి రాశాడు. మేడమ్ అంతా నిలబడి చూసి, పక్క మంచం వైపు నడుస్తూ, "ఇటు రా సిస్టర్. ఈయనకి సూది వేసి చూపించు" అంది. ఆవిడ నోట ఆ పిలుపు అదే మొదలు.

నేను కదలబోతుంటే పెద్దావిడ నా చెంగు పట్టుకుంది. కళ్ళలో నీళ్ళున్నాయి.

"నా మూలాన నీ పరీచ్చ పోనాదేటమ్మా?"

"పోనేదు పెద్దమ్మా" అన్నాను. "ఇప్పుడే పాసైనాను."