మూడోసారి అడిగేవరకు

వై2కె భయం ఉత్తదేనని తేలిపోయిన ఏడాది నడిమిలో సింగపూర్‌లోని ఒక ప్రైవేటు భాషా కేంద్రంలో పార్ట్‌టైమ్ బోధకుడిగా చేరాను. అంతకుముందు హైదరాబాదులో ఒక ప్రభుత్వ కళాశాలలో పర్షియన్ లెక్చరర్‌ని. మా ఆవిడ సుజాతకు రాఫెల్స్ ప్లేస్‌లోని ఒక బ్యాంకు ఐటీ విభాగంలో ఉద్యోగం రావడంతో అసాధారణ సెలవు పెట్టి ఆమె వెంట వెళ్ళాను. ప్రభుత్వోద్యోగుల పరిభాషలో అసాధారణ సెలవంటే జీతం రాని సెలవు. అందులో అసాధారణమైనది అంతకు మించి ఏమీ లేదు.

తెలుగువాడికి పర్షియన్ ఎందుకని అక్కడి మన వాళ్ళు చాలామంది అడిగేవారు. దస్తావేజు, జమాబందీ, రాజీనామా అని రోజూ అంటూ ఆ ప్రశ్న వేయడమే నాకు వింతగా ఉండేది. నిజాం కాలపు భూమి రికార్డులన్నీ ఆ భాషలోనే ఉన్నాయి. నేను నేర్చుకున్నది ఆ రికార్డుల పర్షియనే. బతికున్న ఇరానీయుడితో మాట్లాడింది అంతవరకూ చాలా తక్కువ.

కేంద్రం నాకు అప్పగించిన పని శనివారపు తరగతి. సెంగ్‌కాంగ్‌లో అప్పుడప్పుడే లేచిన ఫ్లాట్ల కింద నివాసుల సంఘం వారి గది ఒకటి ఉండేది. అప్పటికి అక్కడికి ఇంకా రైలు లేదు, బస్సులో వెళ్ళేవాణ్ణి. ఆ చుట్టుపక్కల స్థిరపడిన కొద్దిపాటి ఇరాన్ కుటుంబాల పిల్లలకు వాళ్ళ భాష, సంస్కృతి నేర్పాలి. ఇలాంటి పిల్లల్ని మా వృత్తిలో వారసత్వ విద్యార్థులంటారు. ఇంటి భాష చెవికి తెలుసు, నోటికి తెలియదు. కొత్తగా భాష నేర్చుకునేవాడికి వేసే పరీక్ష వీళ్ళకు పనికిరాదు. బొమ్మ చూపించి పర్షియన్‌లో ప్రశ్న అడుగుతాం. జవాబు తప్పా ఒప్పా అన్నది చూడం, ఏ భాషలో వచ్చిందన్నదే చూస్తాం.

పదేళ్ళ శిరీన్ నా ప్రశ్నలన్నీ అర్థం చేసుకుంది. అన్నింటికీ ఇంగ్లీషులో జవాబు చెప్పింది. చివర్లో, "చెర్, ఐ నో ఆల్రెడీ లా. ఓన్లీ కెనాట్ సే," అంది. అక్కడి పిల్లలు టీచర్‌ని చెర్ అంటారు.

వాళ్ళ నాన్న కామ్రాన్ సుజాత పనిచేసే విభాగంలోనే ఇంజనీరు. మొదటి తరగతి అయ్యాక నన్ను ఇంటికి టీకి పిలిచి, అసలు సంగతి చెప్పాడు. వసంతంలో వాళ్ళ కొత్త సంవత్సరం నొరూజ్‌కి తన తల్లి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వస్తుంది. అప్పటికి శిరీన్ నానమ్మతో మాట్లాడలేకపోతే, పిల్లను ఆమె వెంట పంపించి అక్కడి బడిలో వేస్తాడు. వాళ్ళావిడ మహ్నాజ్ కళ్ళు టీ గ్లాసుల మీదే ఉన్నాయి. శిరీన్ గది తలుపు సందులోంచి నన్నే చూస్తోంది. పిల్ల ఇక్కడ ఉండటమా, వెళ్ళిపోవడమా అన్నది నా పాఠాల మీద ఆధారపడిందని అప్పుడు తెలిసింది.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. గోడకు చేత్తో అచ్చులు వేసిన బట్ట ఒకటి వేలాడుతోంది. అచ్చం మా పెడన కలంకారీలా ఉంది, చాలా బాగుంది అన్నాను. కామ్రాన్ వెంటనే లేచి దాన్ని దించి, "మీదే, ఓస్తాద్, తీసుకోండి," అన్నాడు. ఓస్తాద్ అంటే గురువుగారు. నేను ధన్యవాదాలు చెప్పి, మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాను.

సుజాత దాన్ని చూసి, "ఇదెక్కడిదండీ?" అంది.

"కామ్రాన్ ఇచ్చాడు."

"ఇచ్చాడా, మీరు తెచ్చేసుకున్నారా? గోడ మీది వస్తువు ఎవరైనా ఇస్తారా? మీకు మొహమాటం లేదని హైదరాబాదు మొత్తానికీ తెలుసు, ఇప్పుడు మా ఆఫీసుక్కూడా తెలియాలా?"

మర్నాడు తిరిగి ఇవ్వబోతే మహ్నాజ్ తీసుకోదే! వద్దు, మీదే అంటుంది. నేను బల్ల మీద పెడితే ఆమె నా చేతిలో పెడుతుంది. ఆఖరికి తీసుకుంది గానీ, ఆమె ఊరట పడిందో నొచ్చుకుందో నాకు తెలియలేదు.

ఇది వాళ్ళ తారోఫ్. ఎదుటివాళ్ళు మెచ్చుకున్న వస్తువును ఇచ్చేస్తాననాలి, వాళ్ళు వద్దనాలి. తినమంటే ఆకలి లేదనాలి. మళ్ళీ అడగాలి, మళ్ళీ కాదనాలి. సుజాతను అడిగితే, "మనింట్లో లేదా ఏంటి? ఎవరైనా భోంచేయమంటే ఇప్పుడే తిన్నామంటాం," అంది. లేదని నేను అనలేదు. ఉండకూడదన్నాను. హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి నేను. ముహూర్తం లేకుండా పెళ్ళి చేసుకున్నాను. మొహమాటం మన జాతి జబ్బు అని ఒక పత్రికలో వరసగా రాసి, చాలామందితో తిట్లు తిన్నాను. కావలసింది వద్దని, అక్కర్లేనిది కావాలని అలవాటుగా చెప్పే సమాజం రేపు ఓటు వేసేటప్పుడూ అలాగే చెబుతుందని నా వాదం. అలాంటివాణ్ణి, సింగపూర్ వెళ్ళి ఇరాన్ పిల్లలకు వాళ్ళ మొహమాటం నేర్పడమా?

నేర్పలేదు. అతిథి, ఆతిథేయి ఆట మాత్రం ఆడించాను. ఒకరు ఖర్జూరాలు పెడతారు, ఇంకొకరు పర్షియన్‌లో జవాబు చెప్పాలి. కావాలంటే కావాలి, వద్దంటే వద్దు. నా తరగతిలో మొదటి జవాబే నిజమైన జవాబు. పిల్లలకు ఈ నియమం బాగా నచ్చింది, ఖర్జూరాలు త్వరగా అయిపోయేవి. శిరీన్ ఒక్కతే ఒకరోజు, "చెర్, ఎవ్రీబడీ నో ఇట్స్ నాట్ రియల్. దెన్ హౌ కెన్ బి లయింగ్?" అంది. అందరికీ తెలిసిన అబద్ధం అబద్ధం ఎలా అవుతుందని పిల్ల ప్రశ్న. నిజానికి ముసుగు అక్కర్లేదని ఏదో అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు.

మిగతా బోధన పద్ధతి ప్రకారమే సాగింది. ప్రశ్న వేశాక బోధకుడు నోరు మూసుకోవాలి. దీన్ని నిరీక్షణ అంటాం. పిల్ల తడబడుతుంటే మాట అందించాలని మనసు పీకుతుంది. అందిస్తే ఆ మాట మనదవుతుంది, పిల్లది కాదు. శిరీన్ దగ్గర నేను చాలాసేపు నోరు మూసుకుని కూర్చున్నాను. మొదట రెండు మాటలు వచ్చాయి, తరవాత వాక్యాలు వచ్చాయి. వర్షాకాలం ముగిసేసరికి నాతో పోట్లాట కూడా పర్షియన్‌లోనే.

తల్లిదండ్రులు మాత్రం నాకు అర్థం కాలేదు. ఒకవారం కామ్రాన్ వచ్చి, పిల్లకు మర్యాద నేర్పండి అనేవాడు. పైవారం వచ్చి, పాత చాదస్తాలు నింపకండి అనేవాడు. మహ్నాజ్ ఒకసారి చాలా మెత్తగా, "ఓస్తాద్, మీరు నేర్పే మాటలన్నీ మావే. కానీ ఆ మాటలతో మాట్లాడేవాళ్ళు ఎవరో నాకు తెలియడం లేదు," అంది. అది మెచ్చుకోలా, ఫిర్యాదా? కేంద్రం కోఆర్డినేటర్ మిస్ లిమ్‌ని అడిగితే, ఫిర్యాదు రాతపూర్వకంగా వస్తేనే ఫిర్యాదంది. నియమం స్పష్టంగానే ఉంది, నాకు పనికిరాలేదంతే.

నొరూజ్ వచ్చింది. సూర్యుడు భూమధ్యరేఖ దాటే క్షణాన్ని లెక్కగట్టి చేసుకునే పండగ కనుక నా హేతువాదానికి అభ్యంతరం లేదు. కామ్రాన్ నన్నూ సుజాతనూ పిలిచాడు. నానమ్మ గోడ మీది ఆ కలంకారీ బట్ట కిందే కూర్చుని ఉంది. సన్నటి మనిషి, పక్కన చేతికర్ర. పంటి కింద చక్కెర గడ్డ పెట్టుకుని టీ తాగుతోంది. శిరీన్‌ని దగ్గరకు పిలిచి, బడి గురించి, స్నేహితుల గురించి అడిగింది. పిల్ల అన్నింటికీ చక్కగా చెప్పింది. మహ్నాజ్ ఆ మాటలు సుజాతకు ఇంగ్లీషులో చెబుతూ ఉంది. కామ్రాన్ ముఖం విప్పారింది. నేను కుర్చీలో వెనక్కి వాలాను.

అప్పుడు ఆమె, "నాతో ఇస్ఫహాన్ వస్తావా తల్లీ? నిన్ను కళ్ళ మీద నడిపించుకుంటాను," అంది.

"రాను," అంది శిరీన్.

మొదటి జవాబు, నిజమైన జవాబు. మహ్నాజ్ చేతిలో పళ్ళెం ఆగిపోయింది. కామ్రాన్ నా వంక చూశాడు. "అంత అదృష్టం నాకెక్కడిది నానమ్మా, మీకు శ్రమ," అని ఆ పిల్ల అనవలసి ఉందని నాకు తెలుసు. అననివ్వనిది నేనే. ఇంత పొగరుబోతు పిల్లకు ఇస్ఫహానే సరైన చోటని తండ్రి నిశ్చయించుకుంటే?

నానమ్మ ఇంకో చక్కెర గడ్డ తీసుకుంది. టీ తాగింది. పెరట్లో దానిమ్మ చెట్టు ఉందని, పిల్లి ఈనిందని చెప్పింది. మళ్ళీ, "వస్తావా మరి?" అంది.

"రాను నానమ్మా. నా బడి ఇక్కడ."

సుజాత నా మోచేయి పొడిచింది. ఏదో ఒకటి అనండి అని. నేను అనలేదు. ప్రశ్న పడ్డాక పక్కవాడు మాట అందించకూడదు.

ఆమె గ్లాసు కింద పెట్టింది. ఈసారి నవ్వు లేదు, తల్లీ అనే పిలుపు లేదు, కళ్ళ మీద నడిపించడం లేదు. "శిరీన్, వస్తావా, రావా?"

పిల్ల వాళ్ళమ్మ వైపు చూసింది. నా వైపు చూసింది, నేను చూపు దించుకున్నాను. "అక్కడ నాకు ఎవరూ తెలియదు," అంది. "భయం. మీరే ఇక్కడ ఇంకొన్నాళ్ళు ఉండండి. ఇప్పుడు నాకు మాట్లాడటం వచ్చింది కదా."

నానమ్మ కొడుకు వైపు తిరిగింది. "విన్నావు కదా. మూడుసార్లు అడిగాను. ఇక ఆ సంగతి ఎత్తకు."

కామ్రాన్ ఎత్తలేదు. శిరీన్ ఎక్కడికీ వెళ్ళలేదు.

నేను ఉండబట్టలేక, నా రికార్డుల పర్షియన్‌లో ఆ పెద్దావిడతో, మొదటి జవాబే నిజం చెప్పాలని నేనే పిల్లలకు నేర్పానని చెప్పాను. ఆమె నన్ను తేరిపార చూసింది.

"మొదటి జవాబు ఎవరు నమ్ముతారు ఓస్తాద్? అది మీ పాఠం అయి ఉండొచ్చు. రెండోది వాళ్ళమ్మ నూరిపోసింది అయి ఉండొచ్చు. అందుకే మళ్ళీ అడిగాను."

సుజాత నవ్వు ఆపుకోవడానికి నానా అవస్థ పడింది. బయలుదేరే వేళ అయింది. వాకిట్లో నానమ్మ గోడ వైపు కర్ర చూపించి, "ఆ బట్ట మీకు నచ్చిందట, తీసుకెళ్ళండి," అంది. వద్దన్నాను. "మీ కోసమే ఉంచాం," అంది. వద్దమ్మా, ఇక్కడే బాగుందన్నాను. ఆమె తల ఊపి, దారి జాగ్రత్త అంది.

బస్సులో సుజాత, "చెప్పులు వేసుకోవడానికి అంతసేపా? మూడోసారి అడుగుతుందని చూశారు కదూ?" అంది.

"చూశాను," అన్నాను.

"అడిగితే తీసుకునేవారా?"

కిటికీలోంచి చూసి, దిగాల్సిన స్టాపు దగ్గరపడిందన్నాను. ఆమె రెండోసారి అడగలేదు.

పైవారం నుంచి ఖర్జూరాల ఆట మార్చాను. మూడుసార్లు అడగాలి, మూడోసారి నిజం చెప్పి తీరాలి. మహ్నాజ్ చూసి, "కొన్ని ఇళ్ళల్లో నాలుగోసారి కూడా అడుగుతారు ఓస్తాద్," అంది. అది సవరణో, పరాచికమో ఆమెను అడగలేదు. ఎన్నిసార్లు అడగాలో తెలియక.

పదవీ విరమణ చేసి చాలా ఏళ్ళయింది. మొహమాటం మీద నా అభిప్రాయం మారలేదు. మొదటి మాటకే నమ్మకం ఉన్న సమాజం మేలైనదని ఇప్పటికీ అంటాను. కాని ఒక ఆచారాన్ని అబద్ధమని కొట్టివేసే ముందు, దాన్ని పాటించేవాళ్ళు అందులో నిజాన్ని ఎక్కడ ఉంచుకున్నారో కనుక్కోవాలి. ఆ ముసలావిడ పిల్లను మూడుసార్లు అడిగింది, నన్ను రెండుసార్లు అడిగింది. ఏది మర్యాదకు అడిగిందో, ఏది తెలుసుకోవాలని అడిగిందో ఆ గదిలో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. పాఠం చెప్పడానికి వెళ్ళిందీ నేనే.