తవుడు వాసన

కైకలూరులో చేపల మేత కొట్టు ముందు, పులిసిన తవుడు వాసనకు ముక్కు మూసుకోబోయి చెయ్యి దించేశాను.

నా చిన్నప్పుడు అమ్మ మా బళ్లో టీచరు. తెల్లవారకముందే మా చేపల చెరువు మేతకు తవుడూ, వేరుశెనగ చెక్కా చేత్తో కలిపి, స్నానం చేసి బడికి వచ్చేది. ఎంత రుద్దినా ఆ వాసన చేతుల్ని వదిలేది కాదు.

మూడో తరగతిలో ఒకరోజు అమ్మ నా లెక్కలు దిద్దడానికి వంగింది. పక్కపిల్ల ముక్కు మూసుకుంది. అమ్మ చూస్తుండగానే నేనూ మూసుకున్నాను.

మర్నాటి నుంచి అమ్మ నాతో, "నీ పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లమ్మా, తర్వాత చూస్తాను," అనేది. పక్కపిల్ల పుస్తకం మాత్రం ఎప్పటిలాగే వంగి దిద్దేది.

టీచరు గారి కూతుర్ని కాబట్టి నాకు దక్కిన మర్యాద అనుకుని, ఆ ఏడాదంతా తలెగరేస్తూ పుస్తకం పెట్టి వచ్చాను.