జాన్ సాహెబ్ ఇంటి విల్లు

హజీరాకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. ఏది చూసినా ఎందుకలా అని అడగందే ఆమెకు నిద్రపట్టదు. దూదేకుల జాన్ సాహెబ్‌కు కోడలై లాలాగూడకు వచ్చాక ఆ జబ్బు ముదిరింది. అడగాల్సినవి ఆ ఇంట్లో అన్ని ఉన్నాయి మరి.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. చుట్టుపక్కల దూదేకేవాళ్లంతా విల్లును దూలానికి తాడుతో వేలాడదీసి, నారిని కొయ్యతో కొడుతూ దూది ఏకేవారు. బరువు దూలం మోసేది. జాన్ సాహెబ్ ఇంట్లో మాత్రం మనిషెత్తు విల్లును ఎడమచేత్తోనే పట్టాలి. తాడు కట్టేవాడు సోమరిపోతని ఆయన తీర్పు. పైగా ఏకిన దూదికి దిష్టి తగులుతుందని వీపు వెనక కుప్ప పోసేవాళ్లు. అంటే ప్రతి గుప్పెడుకీ నడుము మెలితిప్పి వెనక్కి తిరగాలన్నమాట. జీవితమంతా అలా ఏకిన జాన్ సాహెబ్ నడుము కొడవలిలా వంగిపోయింది. నేల చూస్తూ నడుస్తూనే, వంగిన నడుమే పనివాడి గుర్తని గొప్పలు పోయేవాడు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుండేది ఆయన వరస.

కొడుకు ఇమాం వలికి నలభై ఏళ్లయినా నిండకముందే నడుము పట్టేసింది. పొద్దున గోడ పట్టుకుని లేచేవాడు. హకీం నూనె ఇచ్చాడు. దర్గా ముజావరు తాయెత్తు కట్టాడు. భర్త అలా లేస్తుంటే హజీరా కళ్లు మామ మీదికి పోయేవి. ఇంకొన్నేళ్లకు ఈయనా ఇంతేనా అనుకునేది.

అంతలో పోలీసు చర్య వచ్చిపడింది. ఇండియా పటాలాలు వస్తున్నాయని, ఎవరేం చేస్తారో తెలియదని వాడంతా తలుపులు బిగించుకుంది. విల్లు మూలన పడింది. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని గడిపిన ఆ నాలుగు రోజుల్లో హజీరా ఒక వింత చూసింది. నూనె అడుగంటింది, కొత్తది తెచ్చే దారి లేదు. అయినా ఇమాం వలి గోడ పట్టకుండా లేస్తున్నాడు. రాజ్యం ఏమవుతుందో అని అందరూ గుసగుసలాడుతుంటే, ఈవిడ మాత్రం మొగుడి నడుము ఎందుకు బాగైందని ఆలోచిస్తూ కూర్చుంది.

తలుపులు తెరుచుకున్నాయి, పని మొదలైంది, రెండు మూడు రోజులకే నొప్పి తిరిగొచ్చింది. అప్పుడు అర్థమైంది హజీరాకు, రోగం పుట్టేది పనిచేసే తీరులోనని.

పక్కింటి రోసమ్మ రైల్వే క్వార్టర్లకు నీళ్లు మోసేది. పొద్దంతా మోసినా నడుమని ఏనాడూ అనలేదు. హజీరా ఆమె వెంటపడి చూసింది. బిందె ఎత్తేటప్పుడు రోసమ్మ మోకాళ్లు వంచి కూర్చుంటుంది, బిందెను ఒంటికి ఆనించుకుంటుంది, పక్కకు మళ్లాలంటే అడుగులు వేసి మళ్లుతుంది. ఎందుకట్లా అని అడగనే అడిగింది హజీరా.

"తిరగనీకి కాళ్లున్నయి గదక్కా. నడుమునెందుకు పరేషాన్ జేసుడు?" అంది రోసమ్మ.

ఆ సాయంత్రం హజీరా భర్తతో చెప్పింది. విల్లుకు తాడు కట్టుకోమంది. దూది ఎదురుగానే పోసుకుని, దిష్టి తగలకుండా దానిమీద పాత దుప్పటి కప్పమంది. ఇమాం వలి మండిపడ్డాడు. తండ్రి బతికుండగా ఆ ఇంట్లో తాడు కట్టి ఆయన పరువు తీయనన్నాడు.

హజీరా ఊరుకునే రకమా? కొంగు సర్దుకుని నేరుగా మామ దగ్గరికే వెళ్లింది.

"మామా, చేత్తోని పట్టి ఏకితే దూది జెర ఎక్కువ మెత్తగైతదా?"

ఆ మాట ఆయన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. పక్కనున్న దూదిని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"దూదికేం ఎర్క బిడ్డా, ఎట్ల ఏకినా గంతే," అన్నాడు. కొడుకును పిలిచి ఎదురుగా నిలబడమన్నాడు. ఇమాం వలి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడు నాకేం కనవడ్తున్నయో ఎర్కనా? నీ కాళ్లు. ఎప్పుడు సూడు, గవే. నీ మొఖం సక్కగ సూసి ఎన్నేండ్లయిందో. నీ కొడుకులకు గీ తక్లీఫ్ వద్దు. తాడు కట్టు కొడుకా."

ఇమాం వలి నడుము పట్టుకుని మెల్లగా కిందికి దిగి, తండ్రి పాదాల దగ్గర వెల్లకిలా పడుకున్నాడు. ముసలాయన ఆ ముఖాన్ని చాలాసేపు చూశాడు. చూసి, ఇంకా కిందికి వంగి వేలితో కొడుకు మీసం తడుముతూ, ఇందులో తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయని అడిగాడు.