చూసే వేలు

ఆ బ్రెయిలు అచ్చాఫీసులో ఆయన్ని అందరూ తప్పుల మాస్టారు అంటారు. ఆయన ఎవరికీ పాఠాలు చెప్పలేదు, తప్పులు చేసే మనిషీ కాదు. పుట్టుకతోనే చూపు లేదు. అక్కడ అచ్చయ్యే ప్రతి పుస్తకాన్నీ ముందుగా తడిమి చదివి, తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. ఆయన వేలు పెట్టని పుస్తకం అక్కడ లేదు, ఆయన పనిని వేలెత్తి చూపిన వాళ్ళూ లేరు. కుడిచేతి చూపుడు వేలు కాగితం మీద ఉబ్బెత్తు చుక్కల వెంట పరిగెడుతుంటే కొత్తగా చేరినవాళ్ళు చేతిలో పని వదిలేసి చూసేవారు.

"మీకది చూపుడు వేలు, నాకు చూసే వేలు" అనేవాడు, కాస్త గర్వంగానే. గర్వపడితే మాత్రం తప్పేముంది? ఆయనకున్న ఆస్తల్లా ఆ వేలి కొసన ఉన్న కాస్త చర్మం.

అలాంటి మనిషికి షుగరు బయటపడింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయిందని పక్కింటావిడ జాలిపడితే ఆయనకి ఒళ్ళు మండింది. "నేనెప్పుడు మూలిగానండీ?" అని అడిగాడు. ఆవిడ మళ్ళీ ఆ వైపు రాలేదు. డాక్టరు మాత్రం ఇది ఇవాళ్టి జబ్బు కాదని, చాలా ఏళ్ళుగా లోపలే ఉండి ఉంటుందని చెప్పి, ఇంట్లో మెషీను పెట్టుకుని రోజూ చూసుకోమన్నాడు.

మొగుడూపెళ్ళాలిద్దరూ మందుల కొట్టుకి వెళ్ళారు. కొట్టాయన ఉత్సాహంగా ఒక పెట్టె విప్పాడు.

"ఇది తీసుకోండి సార్. అంకెలు ఇంత లావున కనిపిస్తాయి. చీకట్లో లైటు కూడా వెలుగుతుంది."

"నాకు పట్టపగలు కూడా కావాలయ్యా ఆ లైటు" అన్నాడు మాస్టారు.

కొట్టాయన అప్పుడు ముఖంలోకి చూసి నాలుక్కరుచుకున్నాడు. లోపల్నుంచి, అంకెలు పైకి చదివి చెప్పే మెషీన్లు రెండు తెచ్చాడు. మాస్టారు రెండిటి గొంతులూ విన్నాడు. వాటిలో పెట్టే పట్టీలు తీయించి తడిమాడు. ఒకదాని పట్టీ నున్నగా ఉండి, ఏ కొస ఎటో తెలియలేదు. రెండోదానికి కొసన చిన్న గాడి ఉంది. అక్కడ రక్తం తాకిస్తే చాలు, అదే పీల్చుకుంటుందన్నాడు కొట్టాయన. అది నచ్చింది.

"ఈ పట్టీలు ఎప్పుడూ దొరుకుతాయా?"

"మీరున్నన్నాళ్ళూ దొరుకుతాయి సార్."

"ఆయన్నెందుకయ్యా లెక్కలోకి లాగుతావు?" అని భార్య విసుక్కుంది.

ఆసుపత్రిలో నర్సు చెప్పినట్టు వేలి కొస మధ్యన కాకుండా పక్కన గుచ్చాలి. ఆ పని భార్యది. టక్కుమని కొట్టే పెన్నులాంటిది ఒకటుంది, అందులో సూది. మొదటిరోజే మాస్టారు షరతు పెట్టాడు. ఏ వేలయినా గుచ్చుకో, ఆరునూరైనా నూరారైనా కుడిచేతి చూపుడు వేలు జోలికి మాత్రం రావద్దు. ఆవిడ సరేనంది. మిగిలిన వేళ్ళు మాత్రం గుచ్చీ గుచ్చీ కాయలు కాశాయి.

మెషీనులో ఆడగొంతు. మాస్టారు దానికి "నీ సవతి" అని పేరు పెట్టాడు. ఆ సవతి "రెండు వందల ఎనభై" అని కిలకిలలాడుతూ చెప్పేది.

"కొంపలంటుకుంటుంటే దీని కులుకు చూడండి" అనేది భార్య.

మాస్టారు మొండివాడు. నోరు కట్టుకున్నాడు, నడిచాడు, మాత్ర తప్పలేదు. అంకె మెల్లగా దిగడం మొదలుపెట్టింది. ఎందుకింత పట్టుదల అని ఎవరైనా అడిగితే, "వేలు కాపాడుకోవాలిగా" అనేవాడు. షుగరు ముదిరితే స్పర్శ పోతుందని డాక్టరు చెప్పినప్పట్నుంచీ ఆయనకి చావు భయం లేదు, ఆ భయమే ఉంది.

అంతలో ఒక అంధుల బడి నుంచి ఫోనొచ్చింది. నాలుగో తరగతి పాఠంలో "నీరు నిల్వ ఉంటే దోమలు చేరతాయి" అని ఉండాల్సిన చోట "మీరు నిల్వ ఉంటే దోమలు చేరతాయి" అని పడిందట. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారట. బ్రెయిల్లో నకారానికీ మకారానికీ ఒక్క చుక్కే తేడా. మాస్టారు కూడా నవ్వాడు. నవ్వి, ఆ పేజీ తెప్పించుకుని తడిమాడు. మళ్ళీ తడిమాడు. ఆయన దాటనిచ్చిన పేజీయే అది.

"కాగితం మెత్తబడిందిరా తమ్ముడూ" అన్నాడు అచ్చు మెషీను నడిపే అతనితో.

"అదే కాగితం మాస్టారూ. మార్చలేదు."

"అయితే నీ మెషీను అరిగింది. చుక్క లేవడంలేదు."

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఆ గదిలో ఇద్దరికీ గుర్తొచ్చింది. మెషీనతను మరలు బిగించి ఇంకో కాగితం తీసుకొచ్చాడు. దెబ్బ మరీ గట్టిగా పడి చుక్కచుక్కకీ కాగితం చిరిగి చిల్లులు తేలింది. మాస్టారు వేలు పెట్టి, "ఇదిగో, ఇప్పుడు కుదిరింది!" అన్నాడు సంతోషంగా. మెషీనతను "సరే మాస్టారూ" అని ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కాగితాన్ని మడుస్తున్న చప్పుడు మాస్టారుకి వినిపించింది. మంచి కాగితాన్ని అచ్చాఫీసులో ఎవరూ మడవరు.

మర్నాడు పొద్దున భార్య మెషీను తెచ్చి కూర్చోగానే ఆయన కుడిచేయి చాపాడు. చూపుడు వేలు ముందుకి పెట్టాడు.

"ఆ వేలా? వద్దన్నారు కదండీ."

"ఇవాళ్టికి కానీ."

పెన్ను టక్కుమంది. ఆవిడ రక్తం పట్టీకి తాకించింది. కాసేపటికి సవతి పలికింది: "నూట పన్నెండు."

"విన్నారా! నూట పన్నెండు!" ఆవిడ ఆయన భుజం పట్టుకుని ఊపేసింది. "దాని నోట్లో పంచదార పొయ్య! ఇంక మనకేం భయం లేదండీ. గెలిచారు."

మాస్టారు వేలు వెనక్కి తీయలేదు.

"ఇంకోసారి గుచ్చు" అన్నాడు.

"ఎందుకూ? ఇంత బాగా వస్తే!"

"ఆ పెన్ను వద్దు. అది టక్కుమనగానే గుచ్చావని తెలిసిపోతోంది. ఒట్టి సూది తీసుకో. నాకు చెప్పకుండా గుచ్చు. పక్కన కాదు, నడిమధ్యన."

ఆవిడకి ఎందుకో అర్థం కాలేదు. పిచ్చి ముదిరిందనుకుంటూనే కొత్త సూది తీసింది. ఆయన వేలు పట్టుకుంది. ఇన్నాళ్ళుగా ముట్టుకోవద్దన్న చోటది. కళ్ళు మూసుకుని గుచ్చింది. సూది కాస్త లోతుగానే దిగింది. చుక్క ఊరి, గుండ్రంగా నిలబడింది. ఆవిడ తలెత్తి చూసింది.

ఆయన చెవి ఇటు పెట్టి, ఊపిరి బిగబట్టి, ఎదురుచూస్తున్నాడు.

"గుచ్చవేం?" అన్నాడు.